ఎగిరే పక్షిని ఫొటో తీయాలంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి

70-300 మి.మీ. జూమ్ లెన్స్‌తో ఎగిరే పక్షుల్ని ఎన్ని తీసినా మసగ్గానో, ఆకాశం మీద నల్లటి మరకలాగానో వస్తున్నాయి, లెన్స్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. నేనూ అలాంటి లెన్స్‌తోనే చెన్నైలో మూడేళ్లుగా తీస్తున్నాను. మా ఇల్లు షోళింగనల్లూరులో కాబట్టి పెరుంబాక్కం చెరువు, పళ్లికరణై చిత్తడి నేల నాకు దగ్గర.

ముందు మీ పాత ఫొటోలు పెద్దవి చేసి చూడండి. పక్షి మసగ్గా ఉండి వెనకున్న జమ్ము స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పిందన్నమాట. కన్ను బాగానే ఉండి రెక్కల కొసలు చెదిరితే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి మూసే వేగం) చాలలేదు. ఫొటో మొత్తం ఒకే వైపు గీతలు గీసినట్టుంటే మీ చెయ్యి కదిలింది. దేనికి మందు దానిదే.

షట్టర్ 1/2000 సెకను పెట్టండి. గూడబాతులా (పెలికాన్) నెమ్మదిగా రెక్కలాడించే పెద్ద పక్షికి 1/1250 అయినా సరిపోతుంది. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) ఆటోలో వదిలేయండి, ఫొటోలో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని టెన్షన్ పడకండి, తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు. ఫోకస్ పక్షిని వెంబడించే మోడ్‌లో ఉండాలి: నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ, కెనాన్‌లో సర్వో. ఇక ఆ నల్ల మరక సంగతి. కెమెరా ఆకాశపు వెలుగే లెక్కలోకి తీసుకుని మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. మబ్బు పట్టిన రోజు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచి తగ్గించే సెట్టింగు) +1 నుంచి మొదలుపెట్టండి. అదే తెల్లకొంగ ఎండలో, ముదురు నీళ్ల మీదుగా వెళ్తుంటే -0.7 దాకా తగ్గించాలి, లేకపోతే ఈకల గీతలు కనబడవు.

నా ఫొటోల్ని మార్చింది మాత్రం ఈ సెట్టింగులు కాదు, గాలి. పక్షులు లేచేటప్పుడూ దిగేటప్పుడూ వీలైనంతవరకు గాలికి ఎదురుగానే వెళ్తాయి. అంటే గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు నుంచి వస్తుంటే, పక్షి మొహం మీ వైపు ఉంటుంది, వెలుగు దాని మీద పడుతుంది. మొదటి ఏడాది ఎండాకాలం సాయంత్రాలన్నీ నేను చెరువు దగ్గరే గడిపాను. అప్పుడు ఎండ పడమటి నుంచి, సముద్రపు గాలి తూర్పు నుంచి. వెలుగు కోసం పడమటి గట్టున నిలబడితే వచ్చినవన్నీ తోకలే! ఎందుకో అర్థంకాక లెన్స్‌ని అనుమానించాను. డిసెంబర్, జనవరి ఉదయాల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, ఎండ ఆగ్నేయం నుంచి వస్తాయి. నీళ్లకి తూర్పున నిలబడితే రెండూ మన వెనకే. వలస పక్షులు ఉండే కాలం కూడా అదే.

గూడబాతు దిగేటప్పుడు చూడండి. నీళ్లకి కాస్త ఎత్తులో ఉండగానే కాళ్లు ముందుకు చాపుతుంది. వేళ్ల మధ్య తోలు విచ్చుకుంటుంది, రెక్కలు గిన్నెలా వంగి గాలిని ఒడిసి పడతాయి. అక్కడ దాని వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. నొక్కాల్సింది అప్పుడే. లేచే ముందు కూడా సూచనలుంటాయి. నిలబడ్డ కొంగ గాలి వైపు తిరిగి, మెడ చాచి, కాస్త వంగి, రెట్ట వేసిందంటే చాలాసార్లు ఎగరబోతోందనే.

పాదాలు మాత్రం ఫొటో తీయాలనుకున్న చోటి వైపు ఉంచండి. నడుము తిప్పి, పక్షి ఇంకా దూరంగా ఉండగానే దాన్ని ఫ్రేములోకి తెచ్చుకుని వెంట తిరుగుతూ రండి. దగ్గరికొచ్చాక వెతికితే దొరకదు. పావురాలతో మొదలుపెట్టకండి, అవి మరీ వేగం. సాయంత్రం గూటికి వెళ్లే తెల్లకొంగలు రోజూ దాదాపు ఒకే దారిలో వెళ్తాయి, చేయి కుదరడానికి అవే మంచివి.

ఇంకొక్క మాట, బతిమాలి చెబుతున్నాను. పక్షి ఎగరడం లేదని రాళ్లు వేసేవాళ్లని, చప్పట్లు కొట్టేవాళ్లని చూశాను. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలాంటి చోట, గూళ్ల కాలంలో తల్లి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకి మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. అది కూర్చున్నంతసేపూ మనమూ కూర్చుందాం. పోయిన జనవరిలో ఒక్క ఎర్రకాళ్ల కొంగ కోసం గంటంపావు కూర్చున్నాను. చివరికి అది మెడ చాచి గాలి వైపు లేచింది, సరిగ్గా నా వైపే.