1600 మీటర్ల పరుగుకు చేతి వాచీ లెక్క ఎంతవరకు సరైనది?

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష కోసం కర్నూలులో సాధన చేస్తున్న మీరు, 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు రౌండ్లు పూర్తయ్యేసరికి చేతి వాచీ 1.66 కిలోమీటర్లు చూపుతోందని, అందులో 1.60 పడినప్పుడు సమయం 7 నిమిషాల 50 సెకన్లని, దేనిని నమ్మాలని అడిగారు. అనంతపురంలో ఉదయం పూట పరుగెత్తుతూ, ఇదే పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలకు సమయం చూసిపెడుతుంటాను కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. దూరానికి గీసిన ట్రాక్‌నే నమ్మండి.

ముందుగా మీరు ఏ లేన్‌లో పరుగెత్తుతున్నారో చూసుకోండి. 400 మీటర్లన్న కొలత అన్నింటికంటే లోపలి లేన్‌కే వర్తిస్తుంది; రెండో లేన్‌లో రౌండు సుమారు 407 మీటర్లు, మూడో లేన్‌లో సుమారు 415 మీటర్లు ఉంటుంది. మూడో లేన్‌లో నాలుగు రౌండ్లు తిరిగితే దాదాపు 1660 మీటర్లు అవుతాయి, అప్పుడు మీ వాచీలో తప్పేమీ లేనట్టే. లోపలి లేన్‌లోనే పరుగెత్తినా 1.66 వస్తోందంటే మాత్రం జాగ్రత్తపడాలి. వాచీలో 1.60 పడేసరికి మీరు నిజానికి 1542 మీటర్ల దగ్గరే ఉంటారు. మిగిలిన 58 మీటర్లకు అదే వేగంతో మరో 17 సెకన్లకు పైగా పడుతుంది. పురుషులకు 8 నిమిషాల గడువున్న పరుగులో అర్హత పోవడానికి అంత తేడా చాలు.

ఈ తేడా జీపీఎస్ పనిచేసే తీరులోనే ఉంది. ఉపగ్రహ సంకేతాలతో వాచీ గుర్తించే స్థానం ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది, అలా జరిగిన చుక్కలన్నింటినీ కలిపి దూరం లెక్కిస్తే దారి వంకరటింకరగా మారి కొలత పెరుగుతుంది. ఆ వంకరలను సాఫ్ట్‌వేర్ సరిచేయబోతే ట్రాక్ మలుపులు కూడా కుదించుకుపోయి కొలత తగ్గుతుంది. ఒకే మైదానంలో, ఒకే వాచీతో, నాలుగు రౌండ్లకు 1.57 నుంచి 1.65 వరకు రకరకాల అంకెలు చూశాను. తిన్నగా సాగే రోడ్డు మీద ఇంత తేడా రాలేదు. జీపీఎస్ లేని చవక బ్యాండ్లు, ఫోన్ వెంట లేకపోతే, అడుగుల సంఖ్యను ఒక అంచనా అడుగు పొడవుతో గుణించి దూరం చెబుతాయి. వేగం మారితే అడుగు పొడవూ మారుతుంది కనుక పరీక్ష సాధనకు అవి అసలు పనికిరావు.

అడుగుల లెక్కలో మాత్రం వాచీని మెచ్చుకోవాలి. చేతి ఊపును అందులోని యాక్సిలరోమీటర్ (కదలికను పసిగట్టే సెన్సర్) బాగా పట్టుకుంటుంది. మిత్రుడు పక్క నుంచి తీసిన వీడియోను నెమ్మదిగా నడిపించి అడుగులు లెక్కపెడితే, వాచీ చెప్పిన నిమిషపు అడుగుల సంఖ్యకు దాదాపు సరిపోయింది. అయితే వాచీ ఉన్న చేత్తో నీళ్ల సీసా పట్టుకుంటే ఊపు మారి లెక్క చెడవచ్చు. పాదం నేలపై ఎంతసేపు ఆనింది, శరీరం ఎంత ఎత్తు లేచింది వంటి అంకెలు మణికట్టు నుంచి తీసిన అంచనాలే. వాటికి ఛాతీకి కట్టుకునే సెన్సర్ పట్టీ గానీ, బూటుకు తగిలించే సెన్సర్ గానీ నయం.

గుండె వేగం చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వాచీ పట్టీ వదులుగా ఉంటే, చర్మంపై ఆకుపచ్చ కాంతి వేసి నాడిని కొలిచే వాచీ నాడికి బదులు అడుగుల లయను పట్టుకుని, నిమిషానికి 170 అడుగులు వేస్తుంటే గుండె కూడా 170 సార్లు కొట్టుకుంటోందని చూపించగలదు. మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించి కట్టుకోండి. కేలరీలను పట్టించుకోకండి: 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, అన్నింటికంటే మెరుగైనదే కేలరీల లెక్కలో సగటున 27 శాతం తప్పింది.

ఇక సాధనలో దూరం అంకెను తెరపై నుంచి తీసేసి, లోపలి లేన్‌లో గీత దాటిన ప్రతిసారీ ఒక్కో రౌండు సమయాన్ని విడిగా చూపే ల్యాప్ బటన్ నొక్కండి. రౌండుకు 1 నిమిషం 57 సెకన్ల చొప్పున నాలుగూ వస్తే మొత్తం 7 నిమిషాల 48 సెకన్లు అవుతుంది. పరీక్ష రోజు గుంపులో బయటి వైపు తిరగాల్సి వచ్చినా ఆ 12 సెకన్లు మీ చేతిలో ఉంటాయి.