ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంటర్న్‌షిప్ పూర్తిచేసుకుని, పట్నం ఆస్పత్రిలో చేరకుండా, అమలాపురంలోనే ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలోనూ గోదావరి మధ్య లంకల్లోనూ ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఈ వృత్తిలోనే జుట్టు నెరిసినదాన్ని కనుక, నువ్వు పని మొదలుపెట్టకముందే కొన్ని సంగతులు రాస్తున్నాను. నువ్వు రోగి దగ్గర గడిపే ముప్పావు గంట కంటే, నువ్వు లేని సమయంలో ఆ ఇంట్లో జరిగేదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. అందువల్ల వ్యాయామం చేయించడం నీ పనిలో సగమే. ఇంట్లోవాళ్లకు నేర్పడం తక్కిన సగం.

నీకు పక్షవాతం రోగులు తప్పకుండా ఎదురవుతారు. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే, రోగిని మంచం మీది నుంచి ఎలా లేపుతున్నారో ఒకసారి చేసి చూపించమని అడుగు. చాలామంది చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగుతారు, లేదా చంకల కింద చేతులు వేసి ఎత్తుతారు. ఆ దశలో భుజం చుట్టూ ఉండే కండరాలు పట్టు తప్పి ఉంటాయి కాబట్టి కీలు కిందికి జారుతుంది, తరువాత నెలల తరబడి నొప్పి వేధిస్తుంది, ఆ నొప్పికి భయపడి రోగి వ్యాయామమే మానేస్తాడు. పక్కకు ఒత్తిగిల్లజేసి, కాళ్లు మంచం కిందికి దించి, వీపు వెనుక, నడుం దగ్గర ఆసరా ఇచ్చి లేపడం ముందు భార్యకో కొడుక్కో నేర్పు, వాళ్ల చేత నీ ఎదుటే చేయించు. నులకమంచం మధ్యలో కుంగి ఉంటే రోగి దానిమీద నిటారుగా కూర్చోలేడు, లేవలేడు. గట్టి చెక్కమంచం ఏర్పాటు చేయించి, పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తులో ఉండేలా చూడు.

నూనె మర్దనా గురించి ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. సున్నితంగా చేస్తే హాయిగా ఉంటుందని ఒప్పుకో, కాని కదలిక తిరిగి వచ్చేది రోగి తానే ప్రయత్నించి, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం వల్లనే అని ఓపికగా వివరించు. తొలి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది కనుక ఆ కాలాన్ని మర్దనాకే ధారపోయనివ్వకు. మంచినీళ్లు తాగేటప్పుడు రోగికి పొలమారుతుంటే అది మన చేతిలోని విషయం కాదు. డాక్టరుకు చెప్పి స్పీచ్ థెరపిస్టుకు చూపించేలా చేయాలి. చేతి వేళ్లతో చేసే పనులకు ఆక్యుపేషనల్ థెరపిస్టు, కాలికి ఆసరాగా తొడిగే క్యాలిపర్లకూ కృత్రిమ కాళ్లకూ వాటి నిపుణులు ఉన్నారు. ఎవరి పని ఎవరిదో తెలిసి ఉండటం, తెలియజేయడం కూడా చికిత్సలో భాగమేనని నేను నమ్ముతాను.

మోకాళ్ల నొప్పితో వచ్చేవారిలో సార్వా, దాళ్వా వరి ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. కింద కూర్చోవద్దు, వంగవద్దు అని ఒక్కమాటలో చెప్పి పంపించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ వంగడమే వాళ్లకు కూలి. రోజంతా ఏం చేస్తారో మొదట అడిగి, మధ్యమధ్య నడుం నిటారుగా చేసుకోవడం, ఇంటి పనిని పీట మీదో ఎత్తైన అరుగు మీదో చేసుకోవడం చెప్పు. తొడ ముందుభాగం కండరం బలపడటానికి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదిమి అయిదు సెకన్లు పట్టి ఉంచడం నేర్పు. "కరెంటు పెట్టండమ్మా" అని చాలామంది అడుగుతారు. యంత్రం ఇచ్చే ఉపశమనం తాత్కాలికమని, కండరాన్ని పెంచేది వ్యాయామమేనని నిజం చెప్పు. డబ్బు కోసం యంత్రం మీదే రోజులు లాగకు.

కొబ్బరి దింపుకు చెట్టెక్కి పడి, వెన్నెముక దెబ్బతిన్న మనిషి ఇంటికి వెళ్లినప్పుడు ముందు చర్మం చూడు. స్పర్శ తెలియదు కాబట్టి పుండు పడుతున్నా అతనికి తెలియదు. రెండు గంటలకొకసారి అతన్ని మరో పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పిరుదులనూ మడమలనూ రోజూ పరీక్షించడం ఇంట్లోవాళ్ల చేత అలవాటు చేయించు. ఉప్పు మూట కాపడం అతనికీ, మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారికీ చేయవద్దని గట్టిగా చెప్పు. చర్మం కాలినా వాళ్లకు తెలియదు.

కొన్ని లక్షణాలు కనబడితే వ్యాయామం ఆపేసి వెంటనే ఆస్పత్రికి పంపాలి. నడుం నొప్పితోపాటు మల మూత్రాల మీద పట్టు తప్పినా, మర్మావయవాల చుట్టూ తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్ తరువాత ఒక పిక్క వాచి నొప్పెడుతుంటే దాన్ని మర్దించకూడదు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, చేయి వాలిపోవడం హఠాత్తుగా కనబడితే అది పక్షవాతం కావచ్చు, 108కు ఫోన్ చేయించు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా తొలి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలరు, లంకవాళ్లకు అందులో కొంత ఏరు దాటడానికే పోతుంది.

వరదలకు కాజ్‌వే మునిగితే నువ్వు వారాల తరబడి వెళ్లలేకపోవచ్చు. ఆషాఢం నాటికే ప్రతి లంక ఇంటివారికీ వ్యాయామాలు బొమ్మలతో కాగితం మీద గీసి ఇచ్చి, ఫోనులో చూసి సరిదిద్దేలా ఏర్పాటు చేసుకో. ఒంటరిగా ఉన్న మగ రోగుల ఇంటికి వెళ్లవలసి వస్తే ఇంట్లోవారో పొరుగువారో తోడుంటేనే వస్తానని నిర్మొహమాటంగా చెప్పు. అనుబంధ ఆరోగ్య వృత్తుల వారికోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం నీ పేరు నమోదు చేయించుకోవడం వాయిదా వేయకు.

మొదటి రోగిని చూసిన తరువాత, వాళ్లు ఒప్పుకుంటే, నడక వీడియో తీసి నాకు పంపు. ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ