తత్త్వశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి: ఒక తల్లి సందేహానికి సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి బి.ఏ. చివరి సంవత్సరంలో ఉంది. ఇంగ్లిష్ సాహిత్యం క్లాసులో ఫ్రెంచ్ తత్త్వవేత్త సిమోన్ ద బోవా గురించి విన్నప్పటి నుంచి ఎం.ఏ. తత్త్వశాస్త్రంలో చేరతాననీ, స్త్రీని ‘అన్య’గా చూడటం అనే అంశం మీద పరిశోధన చేస్తాననీ అంటోంది. బి.ఎడ్. చేసి మా దగ్గర్లోనే టీచరుగా చేరితే బాగుంటుందని మావారి ఉద్దేశం. అబ్బాయి అయితే ఏదో ఒక దారి చూసుకుంటాడు, ఆడపిల్ల కదా, రేపు ఉద్యోగం రాకపోతే ఏం చేయాలి, ఇలాంటివి చదివి అత్తవారింట్లో ఇమడలేకపోతే ఏం చేయాలి అని భయంగా ఉంది. నా చదువు డిగ్రీ రెండో ఏట పెళ్ళితో ఆగిపోయింది కాబట్టి వద్దనడానికీ మనసొప్పడం లేదు. మీరేమంటారు? – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, చేరనివ్వమనే నా సలహా. అయితే చేరే ముందు అమ్మాయి రెండు విషయాలకు ఒప్పుకోవాలి. స్త్రీవాదం మీద ఇష్టంతో వెళుతున్నా తత్త్వశాస్త్రాన్ని మొదటి నుంచి, కష్టమైన భాగాలను దాటవేయకుండా చదవాలి. ఎం.ఏ.తో పాటే ఫ్రెంచ్ నేర్చుకోవడం మొదలుపెట్టాలి. ఈ రెండూ లేకుండా వెళితే మీ భయాల్లో కొన్ని నిజమయ్యే అవకాశం ఉంది.

ఆమె మనసుపడిన విషయం ఏమిటో మీకు తెలిస్తే తక్కిన సంగతులు మాట్లాడుకోవడం సులువవుతుంది. బోవా 1949లో రెండు సంపుటాలుగా ప్రచురించిన ‘ద సెకండ్ సెక్స్’ గ్రంథంలోని వాదనను క్లుప్తంగా చెబుతాను. సమాజం పురుషుణ్ణి మనిషి అనేదానికి కొలమానంగా పెట్టుకుంది. స్త్రీ ఎవరు అని అడిగినప్పుడు, అతనికి ఏమవుతుందో, అతనికి ఎందులో భిన్నమో చెప్పి సరిపెట్టింది. అతడు స్వయంగా ఒక వ్యక్తి, ఆమె అతని పక్కన ‘అన్య’. మీ ఇంట్లో ఏదైనా పాత దరఖాస్తు ఫారం ఉంటే తీసి చూడండి, ‘తండ్రి/భర్త పేరు’ అనే గడి కనిపిస్తుంది. పెళ్ళికి ముందు అందులో తండ్రి పేరు రాసిన స్త్రీ, పెళ్ళయ్యాక భర్త పేరు రాస్తుంది. పెళ్ళయిన మగవాణ్ణి భార్య పేరు రాయమని ఆ గడి ఎన్నడూ అడగదు. అతని గుర్తింపుకు పెళ్ళితో పనిలేదు. ఆమె గుర్తింపు మాత్రం ఎవరి అండలో ఉందన్న దాన్నిబట్టి మారిపోతుంది.

పరాయితనం ఎక్కడైనా ఉండేదే కదా అని మీకు అనిపించవచ్చు, బోవా కూడా ఆ సందేహాన్నే ముందు తీసుకుంది. పొరుగూరివాళ్ళు మనకు పరాయివాళ్ళు, వాళ్ళ ఊరికి వెళితే మనమే పరాయివాళ్ళం, అందువల్ల ఎవరూ శాశ్వతంగా పరాయివాళ్ళుగా మిగిలిపోరు. స్త్రీపురుషుల మధ్య మాత్రం ఈ పరస్పరత ఎందుకు ఏర్పడలేదు, అన్యగా ఉండటానికి స్త్రీ ఎందుకు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది అన్నదే ఆమె అసలు ప్రశ్న. కార్మికులు ఒకచోట పనిచేస్తూ ‘మేము’ అనగలిగారు. స్త్రీలు తండ్రుల ఇళ్ళలో, భర్తల ఇళ్ళలో చెదిరి ఉంటూ, తోటి స్త్రీల కంటే తమ వర్గానికి చెందిన మగవాళ్ళతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నారని ఆమె వివరించింది. లొంగి ఉండటంలో కొంత రక్షణ, కొంత సౌకర్యం ఉన్నాయనీ, స్వేచ్ఛతో వచ్చే బాధ్యత నుంచి తప్పించుకోవాలన్న ఆశ ఏ మనిషికైనా ఉంటుందనీ కూడా దాచకుండా రాసింది. ఈ నిజాయితీ వల్లే ఆ గ్రంథం నాకు గొప్పదిగా కనిపిస్తుంది.

ఈ వాదన ఊరికే ఆవేశంలో పుట్టింది కాదు. యజమానికీ బానిసకూ మధ్య గుర్తింపు కోసం జరిగే పోరాటాన్ని జర్మన్ తత్త్వవేత్త హెగెల్ విశ్లేషించిన తీరు దీని వెనుక ఉంది. మనిషికి ముందే నిర్ణయమైన స్వభావం అంటూ లేదు, తన ఎంపికలతో తనను తాను తీర్చిదిద్దుకుంటాడు అన్న అస్తిత్వవాద సూత్రం దీనికి పునాది. ఆ స్వేచ్ఛ అందరి చేతికీ ఒకేలా అందదనీ, మనిషి నిలబడిన పరిస్థితి దాన్ని విస్తరింపజేస్తుంది లేదా కుదిస్తుందనీ పట్టుబట్టడంలో బోవా తన సహచరుడైన తత్త్వవేత్త సార్త్ర్ చేసిన తొలినాటి ఆలోచనలను దాటి వెళ్ళింది. అందుకే తత్త్వశాస్త్రాన్ని మొదటి నుంచి చదవాలని అడుగుతున్నాను. హెగెల్, హుస్సెర్ల్, హైడెగర్ అనే ఈ తత్త్వవేత్తల ఆలోచనలు తెలియకుండా ఈ గ్రంథం చదివినవారికి ఉద్వేగం మిగులుతుంది గానీ వాదన చేతికి రాదు, పరిశోధనకు కావలసింది ఆ వాదనే.

‘అబ్బాయి అయితే ఏదో ఒక దారి చూసుకుంటాడు, ఆడపిల్ల కదా’ అని మీరు రాశారు. అది ప్రేమతో రాసిన మాట, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ అదే డిగ్రీ, అవే మార్కులు, అదే వయసు ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరి ముందు దారి కనిపించడం, మరొకరి ముందు ప్రమాదం కనిపించడం మీ అమ్మాయి చదవబోయే విషయానికి దగ్గరి ఉదాహరణ. కొడుకు ఈ కోర్సు అడిగితే ఏ లెక్కలు వేసేవారో కూతురికీ అవే లెక్కలు వేయమని నా మనవి.

ఆ లెక్కలు చూద్దాం. తత్త్వశాస్త్రంలో ఉద్యోగాలు తక్కువ. మన రెండు రాష్ట్రాల్లోని డిగ్రీ కళాశాలల్లో ఈ సబ్జెక్టు ఉన్నవి కొద్ది, కాబట్టి లెక్చరర్ పోస్టు ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. ఎం.ఏ. తర్వాత అధ్యాపకులకూ పరిశోధకులకూ జరిపే జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలి. అందులో తత్త్వశాస్త్రం, మహిళా అధ్యయనాలు వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి. ఆ పరీక్ష ద్వారా పరిశోధకులకు ఇచ్చే జేఆర్ఎఫ్ వస్తే పరిశోధన మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్ఎఫ్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్ళు కాగా స్త్రీలకు ఐదేళ్ళ సడలింపు ఉంది కాబట్టి ఒకటి రెండు ప్రయత్నాలు తప్పినా కంగారు పడక్కరలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా స్థిరపడితే ఏడో వేతన సంఘం ప్రకారం ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. సివిల్స్ ఆలోచన ఉంటే మెయిన్స్‌లో తత్త్వశాస్త్రం ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. మొదటి పేపరులో అస్తిత్వవాదం, రెండో పేపరులో స్త్రీల పట్ల వివక్ష, ఆస్తి హక్కులు సిలబస్‌లోనే ఉన్నాయి.

ఫ్రెంచ్ మాట ఎందుకు ఎత్తానంటే, దానికి రెండు ప్రయోజనాలున్నాయి. ఈ గ్రంథానికి 1953లో వచ్చిన తొలి ఇంగ్లిష్ అనువాదం ఒక జంతుశాస్త్రవేత్త చేసినది, అందులో మూలంలోని భాగాలు చాలా వదిలేశారు. పూర్తి అనువాదం 2009లో గానీ రాలేదు. మూలం చదవగలిగిన విద్యార్థికి పరిశోధనలో ఉండే బలం వేరు. ఇక రెండోది, ఆ భాష విడిగా కూడా అన్నం పెడుతుంది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలయాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. రెండు మూడేళ్ళలో ఫ్రెంచ్ పరిజ్ఞానాన్ని కొలిచే డెల్ఫ్ పరీక్ష బీ2 స్థాయి దాటగలిగితే పాఠశాలల్లో భాషా బోధన, అనువాదం, నగరంలోని బహుళజాతి సంస్థల్లో ఫ్రెంచ్ తెలిసినవారికి ఇచ్చే ఉద్యోగాలు అందుబాటులోకి వస్తాయి. స్వచ్ఛంద సంస్థల్లో, ప్రచురణ రంగంలో, పత్రికల్లో కూడా ఈ చదువుకు విలువ ఉంటుంది. పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలనీ, అందులో బయటి నుంచి ఒక సభ్యులు ఉండాలనీ 2013 చట్టం చెబుతోంది. అది జీవనాధారమయ్యే ఉద్యోగం కాకపోయినా అనుభవం వచ్చాక ఒక అదనపు బాధ్యతగా చేపట్టవచ్చు.

మీవారు చెప్పిన బి.ఎడ్. కొట్టిపారేయదగినది కాదు. ప్రవేశ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి ఎం.ఏ. అయ్యాక కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. రెండేళ్ళు ఆగితే పోయేదేమీ లేదని ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

బోవా సొంత కథలో మీకు పరిచితమైన సంగతి ఒకటుంది. ఆమె 1908లో పారిస్‌లో పుట్టింది. ఆమె తండ్రి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్తి పోగొట్టుకున్నాడు. కూతుళ్ళకు కట్నం ఇచ్చుకోలేను కాబట్టి మీరు ఉద్యోగం చేసుకు బతకవలసిందేనని వాళ్ళతో చెప్పేశాడు. ఆ ఇంట్లో చదువు అలా ఒక అవసరంగా మొదలైంది. ఆమె 1929లో, 21 ఏళ్ళ వయసులో, అధ్యాపకుల ఎంపిక కోసం జరిగే జాతీయ పోటీ పరీక్ష తత్త్వశాస్త్రంలో రెండో స్థానంలో నెగ్గింది. మొదటి స్థానం సార్త్ర్‌ది, అతనికది రెండో ప్రయత్నం. ఆ తర్వాత మార్సేయ్‌లో, రువాన్‌లో, పారిస్‌లో ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి తన ఖర్చులు తానే చూసుకుంది. స్త్రీ స్వేచ్ఛకు సొంత సంపాదన తప్పనిసరి అనీ, అదొక్కటే చాలదనీ ఆమె రాసింది. మీ అమ్మాయి ఆ గ్రంథాన్ని నిజంగా గౌరవిస్తే సంపాదన గురించి మీరు అడిగే ప్రశ్నను పాతకాలపు ప్రశ్నగా తోసిపుచ్చకూడదు. ఈ మాట నేను చెప్పానని ఆమెతో అనండి.

కాపురం గురించి మీకున్న భయాన్నీ తేలిగ్గా తీసుకోను. ఈ గ్రంథం పెద్ద దుమారం రేపింది, వాటికన్ 1956లో దీన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. కానీ పురుషద్వేషం ఇందులోని సారం కాదు. ఇద్దరూ ఒకరినొకరు పూర్తి మనుషులుగా గుర్తించినప్పుడే ప్రేమ సాధ్యమన్న ఆశతోనే గ్రంథం ముగుస్తుంది. ఇది చదివిన అమ్మాయి కొన్ని విషయాల్లో సర్దుకుపోకపోవచ్చు, ఆ మాట మీకు ముందే చెప్పడం నా ధర్మం. వేటిలో సర్దుకుపోవాలో, వేటిలో అక్కర్లేదో కారణాలు చెప్పి మాట్లాడగలిగే శక్తి మాత్రం ఈ చదువు ఇస్తుంది. మీ చదువు ఆగిపోయిన రోజున మీ తరఫున అలా మాట్లాడేవారు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని ఒకసారి తలచుకోండి.

పరిశోధన విషయానికొస్తే, బోవా చెప్పిందే మళ్ళీ చెప్పడానికి మన దగ్గర అవసరం లేదు. ఆమె ‘స్త్రీ’ అన్నప్పుడు ఎక్కువగా కనిపించేది ఫ్రాన్స్‌లోని మధ్యతరగతి స్త్రీ అన్న విమర్శ బలంగానే ఉంది. మన భాషలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి వంటి దళిత రచయిత్రులు స్త్రీవాదులు వాడే ‘మనం’లో తమకు చోటెక్కడ అని నిలదీశారు. కులం వల్ల అన్యురాలై, ఆ కులంలోనే స్త్రీ కావడం వల్ల మళ్ళీ అన్యురాలయ్యే స్థితిని బోవా పరికరాలు ఎంతవరకు వివరించగలవు, ఎక్కడ విఫలమవుతాయి అన్న ప్రశ్న మీద తెలుగు చదవగల తత్త్వశాస్త్ర విద్యార్థి చేయవలసిన పని ఎంతో మిగిలి ఉంది. హైదరాబాద్‌లో 1985 నుంచి స్త్రీల అధ్యయనం మీద పనిచేస్తున్న ‘అన్వేషి’ వంటి సంస్థల్లో ఆమెకు కావలసిన సామగ్రీ, మాట్లాడే మనుషులూ దొరుకుతారు.

ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆ గ్రంథం ఉపోద్ఘాతాన్ని మొత్తం చదివి, అందులోని వాదనను రెండు పేజీల తెలుగులో రాసి మీకు వినిపించమనండి. ఫోనులో తిరిగే నాలుగు వాక్యాల మీద ఇష్టమా, విషయం మీద ఇష్టమా అన్నది అక్కడే తేలిపోతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, ఇటీవలి సంవత్సరాల్లో ఆ పరీక్ష మార్చిలో జరుగుతోంది కాబట్టి డిసెంబరు నుంచే ప్రకటన కోసం చూస్తూ ఉండాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర విభాగంతో పాటు మహిళా అధ్యయన కేంద్రం కూడా ఉంది, మొదటి ప్రాధాన్యం దానికివ్వండి; ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రవేశ ప్రకటనలు కూడా గమనించండి. ఫీజు కట్టే ముందు ఆ విభాగంలో అస్తిత్వవాదం గానీ స్త్రీవాద తత్త్వం గానీ బోధించే అధ్యాపకులు ప్రస్తుతం ఉన్నారా లేదా అని విభాగం వెబ్‌సైట్‌లో చూసి, వీలైతే మీరూ అమ్మాయీ కలిసి ఒక పనిరోజున వెళ్ళి అక్కడి రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడి రండి.