ఇసబ్‌గోల్ అన్నానికి ముందా, పడుకునే ముందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్. పొద్దున టిఫిన్‌తో, రాత్రి భోజనంతో మెట్‌ఫార్మిన్ 500, పొద్దున గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. వాడుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7.9. షుగర్ తగ్గుతుందని ఎవరో చెబితే, రెండు నెలలుగా పడుకునే ముందు పాలలో టీస్పూన్ ఇసబ్‌గోల్ కలుపుకుని తాగుతోంది. విరేచనం సాఫీగా అవుతోంది గానీ షుగర్ కదల్లేదు. ఇది తాగుతున్నందుకు బిళ్లలు తగ్గించవచ్చా?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బిళ్లలు తగ్గించవద్దు. షుగర్ కదలకపోవడంలో వింతేమీ లేదు, తాగే వేళ తప్పింది. తాగడానికి కాదు, ఊరికే చూడటానికి గ్లాసు నీళ్లలో చెంచాడు ఇసబ్‌గోల్ వేసి పది నిమిషాలు వదిలేయండి, జిగురుగా గంజిలా తయారవుతుంది. పేగులో ఆ జిగురు అన్నంతో కలిస్తేనే గ్లూకోజు నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. రాత్రి పదింటికి అక్కడ అన్నం ఏది? పైగా పాలలోనూ చక్కెర ఉంటుంది.

మనవాళ్లు అన్నం ఎక్కువగా తినేది మధ్యాహ్నమే. బిళ్లలు పొద్దున, రాత్రి కాబట్టి వాటికీ దీనికీ ఎడం ఉంటుంది. అన్నానికి పావుగంట ముందు 5 గ్రాములు పెద్ద గ్లాసు (250 మి.లీ.) నీళ్లలో కలిపి, గట్టిపడకముందే తాగాలి. మీద మరో గ్లాసు నీళ్లు. ఇసబ్‌గోల్ పొట్టు బాగా తేలిక, టీస్పూన్‌కు రెండు గ్రాములు కూడా రాకపోవచ్చు. ఒకసారి తూచి చూసుకోండి. మొదటి వారం సగమే ఇవ్వండి, లేకపోతే కడుపు ఉబ్బరం, గ్యాసు. పొడిగా నోట్లో పోసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది.

తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసి రాసిపెట్టండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాతే. కాస్త తగ్గుతుంది, అంతే. గ్లిమెపిరైడ్ షుగర్‌ను మరీ తగ్గించేయవచ్చు కనుక సాయంత్రం చెమటలు, వణుకు వస్తే వెంటనే చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. అలా జరిగితే బిళ్లల మోతాదు సంగతి డాక్టరు తేలుస్తారు. రెండు ముద్దలకే కడుపు నిండిపోతున్నా, మింగడం కష్టంగా ఉన్నా ఇసబ్‌గోల్ వద్దు. థైరాయిడ్ బిళ్ల కూడా ఉంటే నాలుగు గంటల ఎడం తప్పనిసరి.

ప్రశ్న: ఆరెంజ్ రుచి ఇసబ్‌గోల్ డబ్బా కొన్నాను. గోధుమ తవుడూ, గోరుచిక్కుడు కూరా తింటున్నాను. నాకు షుగర్ ఉంది. సరిపోతుందా?
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: డబ్బా వెనక చదవండి. రుచి కలిపిన రకాల్లో కొన్నిటిలో ఇసబ్‌గోల్ పొట్టు కన్నా పంచదారే ఎక్కువ ఉంటుంది. రుచి లేనిదే కొనండి. గోధుమ తవుడు మలబద్ధకానికి మంచిదే, కానీ జిగురు కట్టదు కాబట్టి షుగర్ మీద ప్రభావం తక్కువ. గోరుచిక్కుడు గింజల నుంచే గ్వార్ గమ్ అనే జిగురు తీస్తారు, అదీ ఇసబ్‌గోల్ లాగే పనిచేస్తుంది. అయితే ఆ జిగురు ముదిరిన గింజల్లో ఉంటుంది, మనం వండుకునేది లేత కాయ. కూర మానొద్దు, పక్కన అన్నం తగ్గించండి.