ఏడీహెచ్‌డీ ఉన్న బాబుకు గ్రూప్ ట్రైనింగ్ మంచిదా, విడిగా కౌన్సెలింగ్ మంచిదా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఏడాది కిందట ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందని డాక్టర్ చెప్పారు. హోంవర్క్ సగంలో వదిలేస్తాడు. పుస్తకాలు, పెన్సిళ్లు రోజూ ఎక్కడో పోగొట్టుకొస్తాడు. ఆటల్లో తన వంతు వచ్చేదాకా ఆగలేడు. దాంతో తోటి పిల్లలు వాడిని కలుపుకోవడం మానేశారు. ఒక సెంటర్‌లో వారానికోసారి కొంతమంది పిల్లలతో కలిపి సోషల్ స్కిల్స్ నేర్పుతామంటున్నారు. ఒక సైకాలజిస్ట్ మాత్రం విడిగా కౌన్సెలింగ్ చేస్తేనే మేలంటున్నారు. రెండూ చేయించే వీలు మాకు లేదు. ఏది ఎంచుకోవాలి?
- ఒక తల్లి

జవాబు: ఆటలో తన వంతు వచ్చేదాకా ఎందుకు ఆగాలో బాబును తీరిగ్గా ఉన్నప్పుడు అడిగి చూడండి. చక్కగా చెబుతాడు. కానీ ఆట జోరు మీద ఉన్నప్పుడు, ఆ రూలు గుర్తొచ్చేలోపే చెయ్యి ముందుకు వెళ్లిపోతుంది. ఏడీహెచ్‌డీ పిల్లల్లో చాలామందికి ఏం చేయాలో తెలుసు. దాన్ని సరిగ్గా అవసరమైన క్షణంలో చేయలేకపోవడమే వాళ్ల ఇబ్బంది. మందలించినా, బుజ్జగించినా వారం తిరక్కుండానే మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే. బాబుది మొండితనం కాదమ్మా, మీ పెంపకంలో లోపమూ లేదు.

అందుకే గ్రూపా, విడిగానా అన్నదానికంటే, ఆ శిక్షణ మీ ఇంటికీ వాడి క్లాస్‌రూమ్‌కీ ఎంతవరకు చేరుతుందన్నది నేను ముందు చూస్తాను.

గ్రూప్ ట్రైనింగ్‌లో పిల్లలు నటిస్తూ, ఆడుతూ నేర్చుకుంటారు. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలియడం కూడా పిల్లవాడికి కొండంత ధైర్యం. అయితే సెంటర్‌లో చక్కగా చేసిన పని స్కూల్ గ్రౌండ్‌లో కనిపించకపోవడం తరచూ జరుగుతుంది. ఏడీహెచ్‌డీ పిల్లలకు సోషల్ స్కిల్స్ శిక్షణపై జరిగిన 25 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష 2019లో వచ్చింది. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ దాన్ని వెలువరించింది. పిల్లల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మేలు జరిగిందనడానికి అందులో గట్టి ఆధారం దొరకలేదు. గ్రూపులో ఎవరెవరు ఉన్నారన్నది కూడా ముఖ్యమే. బాగా దూకుడుగా ఉండే పెద్ద పిల్లల మధ్య కూర్చోబెడితే చిన్నవాళ్లు వాళ్లను చూసి నేర్చుకునే ప్రమాదం ఉంది.

ఇక విడిగా కౌన్సెలింగ్. గదిలో కూర్చుని మాట్లాడుకోవడం వల్ల మాత్రమే ఏకాగ్రత పెరగదు, మతిమరుపు తగ్గదు. కానీ బాబు లోలోపల భయపడుతున్నా, దిగులుగా ఉంటున్నా, స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నా వాడికి విడిగా మాట్లాడే మనిషి కావాలి. స్నేహితులు దూరమైన పిల్లవాడు కాబట్టి ఈ విషయం తేలిగ్గా తీసుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ‘నేను చెడ్డవాణ్ని’, ‘నాకు ఏదీ రాదు’ అంటున్నా, స్కూల్‌కు వెళ్లడానికి భయపడుతున్నా విడి కౌన్సెలింగే ముందు మొదలుపెట్టండి. చచ్చిపోతాననే మాట ఒక్కసారి వచ్చినా ఆ రోజే సైకియాట్రిస్ట్‌కు చూపించండి.

సామాన్లు సర్దుకోవడం, హోంవర్క్ రాసుకురావడం, టైమ్ ప్లాన్ చేసుకోవడం లాంటివి నేర్పే శిక్షణ వేరే ఉంది. ఇది బాగా పనిచేస్తుంది. మూడు నుంచి ఐదో తరగతి వరకు చదువుతున్న 158 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. కొందరికి 20 సెషన్లలో ఈ పద్ధతులు నేర్పారు. మరికొందరి విషయంలో తల్లిదండ్రులకూ టీచర్లకూ మాత్రమే శిక్షణ ఇచ్చి, పిల్లవాడు పని పూర్తిచేసినప్పుడు ఎలా మెచ్చుకోవాలో, ఏం బహుమతి ఇవ్వాలో చెప్పారు. రెండో పద్ధతి కూడా దాదాపు మొదటిదానంత బాగా పనిచేసింది. నాకు ఇది చాలా ముఖ్యమైన ఫలితం అనిపిస్తుంది. రోజంతా పిల్లవాడి పక్కన ఉండే పెద్దవాళ్లు మారితే వాడూ మారతాడు.

కాబట్టి ఆ సెంటర్‌వాళ్లనూ, సైకాలజిస్ట్‌నూ ఒకే ప్రశ్న అడగండి: ‘ఇందులో మాకేం నేర్పుతారు, టీచర్‌తో మాట్లాడతారా?’ తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి, స్కూల్‌ను కలుపుకొనేవాళ్లనే ఎంచుకోండి. వాళ్లు గ్రూపుగా చేసినా, విడిగా చేసినా ఫర్వాలేదు. ఇద్దరిలో ఎవరూ అలా చేయకపోతే, మీకున్న వీలును తల్లిదండ్రుల శిక్షణకే వాడండి.

ఈలోగా మీరు మొదలుపెట్టగలిగేది రోజువారీ కార్డు. టీచర్‌తో మాట్లాడి రెండు మూడు లక్ష్యాలే రాయండి. ‘బుద్ధిగా ఉండాలి’ అని కాకుండా ‘చెయ్యెత్తి మాట్లాడాడు’, ‘హోంవర్క్ డైరీలో రాసుకున్నాడు’ అన్నట్టు కంటికి కనిపించే పనులు కావాలి. టీచర్ ప్రతి పీరియడ్‌కూ టిక్ పెడతారు. సాయంత్రం ఇంటికి రాగానే చిన్న బహుమతి ఉండాలి. కాసేపు అదనంగా ఆట, మీతో ఒక కథ, ఏదైనా సరే. వారం చివర ఇస్తామంటే ఈ పిల్లలకు అది చాలా దూరం. మొదటి రోజుల్లో సులభంగా గెలిచేలా పెట్టి, నెమ్మదిగా కష్టం పెంచండి. టిక్ రాని రోజు తిట్టొద్దు.

స్నేహాల విషయంలో గుంపు వద్దు. ఒక్క పిల్లాణ్ని ఇంటికి పిలిచి, ముందే అనుకున్న ఒక ఆటతో గంట గడపనివ్వండి. మీరు దగ్గర్లోనే ఉండి, గొడవ మొదలయ్యేలోపే ఆట మార్చండి.

మందుల సంగతి మీరు రాయలేదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు అవసరమైతే మందులు, ప్రవర్తనా శిక్షణ కలిపి సూచిస్తాం. ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూసిన ఎంటీఏ అనే అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. అందులో 579 మంది పిల్లలను 14 నెలలు గమనించారు. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం తగ్గడంలో ప్రవర్తనా చికిత్స ఒక్కటే తీసుకున్నవాళ్లకంటే, జాగ్రత్తగా డోసు సరిచూస్తూ మందులు ఇచ్చినవాళ్లు మెరుగయ్యారు. మందులు మానేసి కౌన్సెలింగ్‌తో సరిపెట్టాలని మాత్రం సొంతంగా నిర్ణయించుకోవద్దు.

మూడు నెలల తర్వాత కార్డులన్నీ ముందు పెట్టుకుని చూడండి. మిగతావన్నీ మెరుగుపడి, హోంవర్క్ మాత్రం అలాగే ఆగిపోతుంటే చదవడం, రాయడంలో లెర్నింగ్ డిసేబిలిటీ ఉందేమో పరీక్ష చేయించండి. ఏడీహెచ్‌డీతో పాటు అది ఉండటం చాలా మామూలు. దానికి అవసరమైన శిక్షణ పూర్తిగా వేరు.