సర్ఫ్‌బోర్డుల డియోరా నిజంగా ఉన్న బండే, తలుపు మాత్రం ముందుంది

హాట్ వీల్స్ బొమ్మ కార్లలో రెండు సర్ఫ్‌బోర్డులతో (సముద్రపు అలల మీద నిలబడి జారే పలకలు) వచ్చే డియోరా నిజంగా ఉన్న బండేనా, ఉంటే అందులోకి ఎలా ఎక్కుతారు అని అడిగారు. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి నన్ను ఇదే అడిగాడు.

మేం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాం. నా ఉద్యోగం కార్ల తలుపులు. హింజ్ ఎక్కడ రావాలి, లాచ్ ఎలా పట్టుకోవాలి, వాన నీళ్లు కారకుండా రబ్బరు సీలు ఎలా కూర్చోవాలి, ఇదే పని పన్నెండేళ్లుగా. ఓ పాత బొమ్మల షాపులో వాడికి డియోరా కొనిచ్చాను. ఇంటికొచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, దీనికి డోర్ ఏదీ?" అన్నాడు. చూస్తే నిజమే, రెండు పక్కలా ఎక్కడా తలుపు గీత లేదు. నాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి నిద్ర మానుకుని వెతికాను.

అసలు బండి 1965 డాడ్జ్ ఏ100 పికప్. మన మారుతి ఓమ్నీలాగే డ్రైవరు ముందు చక్రాల మీద కూర్చుంటాడు. ఇంజిన్ రెండు సీట్ల మధ్యలో ఉంటుంది. డెట్రాయిట్‌లో కస్టమ్ కార్లు, అంటే ఉన్న బండ్లను కొత్త రూపంలోకి మార్చి కట్టే అన్నదమ్ములు మైక్, లారీ అలెగ్జాండర్ దాన్ని కోసి, పైకప్పు దించి, ఇంజిన్‌ని వెనక్కి జరిపి, ట్రక్కు వెనక భాగం మొత్తానికి గట్టి మూత వేశారు. డిజైన్ గీసింది హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ. ఆయన అప్పటికి జనరల్ మోటార్స్‌లో డిజైనరు, గీసిందేమో పోటీ కంపెనీ క్రిస్లర్ వారి డాడ్జ్ బండికి!

ఎక్కడం ముందు నుంచే. ముందు అద్దం పైకి లేస్తుంది, అద్దం కింద ఉన్న బండి ముందు భాగం తిరిగి పక్కకు తప్పుకుంటుంది. స్టీరింగు కూడా దారికి అడ్డం లేకుండా తొలగుతుంది. ముందు నుంచి ఎక్కే బండి ఇదే మొదటిది కాదు, 1950లలోనే ఇసెట్టా అనే చిన్న కారుకు ముందు తలుపు ఉంది. కానీ డియోరా ముందు అద్దం ఎక్కడిదో తెలిశాక నాకు ఒళ్లు పులకరించింది. అది 1960 ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్ వెనక అద్దం! సామాన్లు పెట్టుకోవడానికి పైకి లేపే అద్దం అది. అంటే తలుపుగా తెరుచుకోవడానికే పుట్టిన గాజు. దాన్ని తెచ్చి ముందు పెట్టేశారు. నా పని తెలిసినవాళ్లకు ఇదెంత తెలివైన నిర్ణయమో వెంటనే అర్థమవుతుంది. కొత్తగా వంపు గాజు చేయించడం, అది లేచి మళ్లీ సరిగ్గా కూర్చునేలా చేయడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను.

పక్కన తలుపు పెడితే దాని చుట్టూ సందు తప్పదు. ఆ సందును ఎంత సన్నగా చేసినా కన్ను అక్కడ ఆగుతుంది. డియోరాలో ఆ గీత లేదు కాబట్టి చూపు ముందు నుంచి వెనక చివరి దాకా ఒక్క ఊపులో వెళ్లిపోతుంది. దాని అందం రహస్యం బంగారు రంగులో కాదు, ఇందులో ఉందని నా నమ్మకం. రోడ్డు మీద రోజూ తిప్పే బండికి ఈ పద్ధతి పనికిరాదు, ముందు గుద్దుకుంటే కాళ్లకూ తలుపుకూ ఒకేసారి ప్రమాదం. అందుకే మామూలు ట్రక్కుల్లోకి ఇది రాలేదు.

1967లో డెట్రాయిట్ ఆటోరామా అనే కస్టమ్ కార్ల ప్రదర్శనలో దీనికి రిడ్లర్ అవార్డు వచ్చింది. ఈ ప్రదర్శన ఇప్పటికీ ప్రతి ఏడాదీ జరుగుతుంది, నేనూ వెళ్తుంటాను. అంతకుముందు ఎక్కడా చూపించని బండికే ఆ అవార్డు ఇస్తారు. ఇక పేరు సంగతి: ఏఎమ్‌టీ అనే మోడల్ కిట్ల (ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ కార్ల) కంపెనీ పోటీ పెడితే, పదమూడేళ్ల పిల్లవాడు స్పానిష్‌లో 'బంగారు' అనే అర్థం అనుకుని 'డియోరా' అని రాసి పంపాడట.

అసలు వారసత్వం బొమ్మల్లో నిలిచింది. మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ మొదలుపెట్టినప్పుడు తొలి డిజైనరుగా తీసుకున్నది ఈ బ్రాడ్లీనే. 1968లో వచ్చిన మొదటి పదహారు కార్లలో డియోరా ఒకటి. ఆ బొమ్మ వెనక రెండు ప్లాస్టిక్ సర్ఫ్‌బోర్డులు పెట్టారు. 2000లో హాట్ వీల్స్ వాళ్లు డియోరా 2 అనే కొత్త బొమ్మ తెచ్చారు. 2003లో చిప్ ఫూజ్ అనే కార్ల డిజైనరు దాన్ని నడిచే నిజం బండిగా కట్టాడు. ట్రక్కు నుంచి బొమ్మ, ఆ బొమ్మ నుంచి ఇంకో బొమ్మ, దాని నుంచి మళ్లీ నిజం బండి. ఇలాంటి ప్రయాణం చేసిన డిజైన్ నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఒకవేళ మీరు 1968 నాటి డియోరా కొనాలనుకుంటే రెండు సర్ఫ్‌బోర్డులూ ఉన్నాయో లేదో, అవి అసలువో కాదో ముందే అడగండి. అవి ఊడి వచ్చేస్తాయి, చాలా బొమ్మల్లో తర్వాత చేసిన నకిలీవి పెట్టి అమ్ముతారు. మావాడి దాంట్లో ఒకటి మొదటి వారంలోనే పోయింది, ఇల్లంతా వెతికినా దొరకలేదు. వాడు ఐస్‌క్రీమ్ పుల్ల అరగదీసి ఇంకొకటి చేసుకున్నాడు, ఇప్పటికీ అదే ఉంది.