అమెరికా వెళ్ళిన మన డాక్టర్లు చాలామంది చిన్న ఊళ్ళలో ఎందుకు ఉంటారు? కుటుంబానికి టైమ్ దొరుకుతుందా?

ముఖ్య కారణం వీసా. ఇండియాలో ఎండీ చేసినా, అమెరికాలో ప్రాక్టీస్ చేయాలంటే సాధారణంగా యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ లైసెన్స్ పరీక్షలు రాసి, రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషాలిటీ శిక్షణ) మళ్ళీ చేయాల్సిందే. ఇంటర్నల్ మెడిసిన్‌కి 3 ఏళ్ళు, జనరల్ సర్జరీకి 5. చాలామంది ఆ శిక్షణను జె-1 అనే ఎక్స్చేంజ్ వీసా మీదే చేస్తారు. దానికో మెలిక ఉంది: శిక్షణ అయ్యాక 2 ఏళ్ళు స్వదేశంలో ఉండి రావాలి, లేదంటే మినహాయింపు తెచ్చుకోవాలి.

ఆ మినహాయింపుకి బాగా వాడే దారి కాన్రాడ్ 30 అనే ప్రభుత్వ పథకం. ఒక్కో రాష్ట్రం ఏటా 30 మంది డాక్టర్లకు సిఫార్సు చేయవచ్చు. బదులుగా డాక్టర్ల కొరత ఉన్నచోట 3 ఏళ్ళు ఫుల్‌టైమ్ పనిచేయాలి. నగరాల్లోని పేదవాడలూ ఆ లెక్కలోకి వస్తాయి గానీ, ఎక్కువగా తగిలేవి చిన్న పట్టణాలే. పిల్లలు అక్కడి బడికి అలవాటుపడ్డాక చాలామంది కదలరు.

ఇక కుటుంబం సంగతి. రెసిడెన్సీలో పని పరిమితే వారానికి 80 గంటలు, అదీ 4 వారాల సగటు మీద! ఒక్క డ్యూటీ 24 గంటలు సాగవచ్చు, పైన పేషెంట్లను అప్పజెప్పడానికి మరో 4. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పిల్లలు స్కూల్ బస్సెక్కుతుంటారు.

నాకు అన్యాయం అనిపించేది మరొకటి. జె-2 (జె-1 డాక్టర్ కుటుంబానికిచ్చే వీసా) మీద వర్క్ పర్మిట్ తెచ్చుకుని ఉద్యోగం చేసే భార్య లేదా భర్త, మినహాయింపు తర్వాత హెచ్-4కి (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్నవారి కుటుంబానికిచ్చే వీసా) మారితే మామూలుగా ఆ ఉద్యోగం వదులుకోవాలి. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (డాక్టర్ కోసం వేసే వలస పిటిషన్) ఆమోదం వచ్చాకే సాధారణంగా మళ్ళీ పర్మిట్‌కి అప్లై చేసే వీలుంటుంది.